ఖాళీ కాన్వాస్ ఇవ్వకండి: 42 మంది పిల్లలు, 10 ట్యాబ్‌లు, ఒక ప్యానెల్

విశాఖలో మధురవాడ వైపు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పే టీచరు గారు అడిగింది క్లుప్తంగా ఇది. 7వ తరగతిలో 42 మంది ఉన్నారు. గదిలో ఒక ఇంటరాక్టివ్ ప్యానెల్ ఉంది, బడిలో పనిచేసే ట్యాబ్‌లు 10 ఉన్నాయి, నెట్ వస్తూ పోతూ ఉంటుంది. ఒకసారి డ్రాయింగ్ యాప్ ఇచ్చి గీయమంటే 45 నిమిషాల పీరియడ్ రంగులు పూయడంతోనే అయిపోయింది. ఏ యాప్ వాడాలి, పెన్ ట్యాబ్లెట్ (కంప్యూటర్‌కు తగిలించి పెన్నుతో గీసే పలక) కొనాలా, అసలు ఇది లెక్కలకీ సైన్సుకీ సోషల్‌కీ పనికొస్తుందా?

పనికొస్తుంది. ఇప్పుడున్న సామానే చాలు, ముందు ఏమీ కొనకండి. మీ క్లాసు రంగులతో గడిచిపోయింది యాప్ వల్ల కాదు. పిల్లల చేతికి ఖాళీ తెల్ల కాన్వాస్, లెక్కలేనన్ని రంగులు, నలభై రకాల బ్రష్‌లు ఒకేసారి వెళ్లడం వల్ల. సగం గీసిన బొమ్మ ఇవ్వండి, మూడు రంగులే ఇవ్వండి, కాగితం మీద చేయలేని పని ఒకటి అడగండి. కాగితం మీద చేయలేనివంటే: గీసిన దాన్ని అద్దంలోలా తిప్పడం, పొరలుగా విడదీయడం, ఒక ముక్కని కాపీ చేసి కొలత మార్చకుండా పేర్చడం, తప్పుని చెరిపిన మరక లేకుండా దిద్దడం. ఈ నాలుగింటిలో ఒక్కటైనా అవసరం లేని పాఠానికి ట్యాబ్ తీయకండి. దానికి పెన్సిలే మేలు.

ముందు సామాను సంగతి

ప్యానెల్ వెనక చూడండి. లోపల ఆండ్రాయిడ్ మాత్రమే ఉందా, లేక ఓపీఎస్ అనే చిన్న విండోస్ కంప్యూటర్ పెట్టె కూడా ఉందా? ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కుతుందో దాన్నిబట్టి ఉంటుంది. విండోస్ ఉంటే ఓపెన్‌బోర్డ్ (వైట్‌బోర్డ్), క్రీటా (డ్రాయింగ్), జియోజెబ్రా (జ్యామితి) మూడూ ఎక్కించుకోవచ్చు. మూడూ నెట్ లేకుండా నడుస్తాయి, పాఠశాలలకు డబ్బు కట్టక్కర్లేదు. ఆండ్రాయిడ్ మాత్రమే ఉంటే ఓపెన్‌బోర్డ్ రాదు. ప్యానెల్‌తో వచ్చిన వైట్‌బోర్డ్‌తోనే మొదలుపెట్టండి, అది చాలా పనులకు సరిపోతుంది. పాత శిక్షణ నోట్సులో గూగుల్ జామ్‌బోర్డ్ అని కనిపిస్తే వదిలేయండి. 2024 డిసెంబరు 31తో అది మూతపడింది.

బడుల్లో ఉండే పెద్ద ప్యానెళ్లలో ఎక్కువ భాగం ఇన్‌ఫ్రారెడ్ టచ్‌వి. తెర అంచు చట్రంలోంచి కంటికి కనపడని కిరణాలు అడ్డంగా, నిలువుగా పోతుంటాయి. వేలు పెట్టినా కలం పెట్టినా ఆ కిరణాలు తెగిన చోటును అది గుర్తుపడుతుంది. అందుకే పెన్ను పోయినా మూత బిగించిన మార్కర్ వెనక కొసతో గీయొచ్చు. అందుకే కొన్ని ఇబ్బందులూ వస్తాయి. పక్కనే సుద్దబోర్డు ఉంటే సుద్దపొడి కింది చట్రం మీద పేరుకుని కిరణాలను ఆపుతుంది, గీత మధ్యలో తెగిపోతుంది, లేదా ఎవరూ ముట్టుకోని చోట చుక్కలు పడతాయి. రోజూ పొద్దున పొడి మైక్రోఫైబర్ గుడ్డతో నాలుగు అంచులూ తుడవండి. తడిగుడ్డ వద్దు. తూర్పు కిటికీలోంచి పొద్దుటి ఎండ నేరుగా పడినా ఇలాగే తప్పులు చేస్తుంది, కాబట్టి కిటికీకి కర్టెన్ వేయండి. అమ్మాయిల చున్నీ, అబ్బాయిల చొక్కా చెయ్యి తెరకి తగిలినా కిరణం తెగుతుంది. అది యాప్ లోపం అనుకుని సెట్టింగులు మార్చుకుంటూ పోతే పీరియడ్ అయిపోతుంది.

ట్యాబ్‌ల తెర వేరు. అది కెపాసిటివ్, అంటే వేలిలోని విద్యుత్ స్వభావాన్ని పసిగడుతుంది. విశాఖ ఉక్కపోతలో చెమట వేళ్లతో గీస్తే గీత జారుతుంది, తడి మరకనే వేలు అనుకుంటుంది. జట్టుకో పొడి చేతిరుమాలు తప్పనిసరి. అదే రుమాలును మడిచి అరచేయి కింద పెట్టుకుంటే చెయ్యి ఆనిన చోట గీతలు పడే బెడద కూడా తగ్గుతుంది. రబ్బరు కొన స్టైలస్‌లు 6 నుంచి 8 మి.మీ. లావుంటాయి, కొన కింద ఏం జరుగుతోందో కనపడదు. దానికి మందు ఒకటే: రెండు వేళ్లతో జూమ్ చేసి గీయడం. మొదటి క్లాసులో ఐదు నిమిషాలు దీనికే పెట్టండి. జూమ్ రాని పిల్లవాడు చిన్న తెర మీద చుక్కల్ని కలపలేడు, చేతకాదనుకుని పక్కవాడికి ఇచ్చేస్తాడు.

ఛార్జింగ్ పెట్టి గీయించకండి. నాసిరకం ఛార్జరు, ఎర్తింగ్ సరిగా లేని ప్లగ్ ఉంటే కెపాసిటివ్ తెర తనంతట తానే గీతలు గీస్తుంది. ఛార్జర్ తీయగానే బాగుపడితే తెర మంచిదే, కరెంటుదే తప్పు.

పెన్ ట్యాబ్లెట్ గురించి: పిల్లలకు వద్దు. ప్యానెల్ ఉన్న గదిలో టీచరుకీ అవసరం లేదు. ప్రొజెక్టరు మాత్రమే ఉన్న గదికి ఒకటి కొనుక్కోవచ్చు, తెర లేని చిన్న రకం, బ్యాటరీ అక్కర్లేని పెన్నుది. కొన్న రోజున ఒక సెట్టింగు మార్చాలి. పలక పొడవు వెడల్పుల నిష్పత్తి, కంప్యూటర్ తెర నిష్పత్తి ఒకటి కాకపోతే మీరు గీసిన వృత్తం కోడిగుడ్డవుతుంది. డ్రైవర్‌లో నిష్పత్తిని నిలిపి ఉంచే ఎంపిక ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. లెక్కల టీచరుకు ఇది చిన్న విషయం కాదు.

ఏ యాప్, ఎందుకు

5వ తరగతి లోపు పిల్లలకు, కంప్యూటర్ ల్యాబ్ ఉంటే, టక్స్ పెయింట్. 2002 నుంచి ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్, చిన్నపిల్లల కోసమే రాసింది. ఫైలు పేరు అడగకుండా దాచుకుంటుంది. దాంట్లో టీచర్లు ఎక్కువగా వాడని గొప్ప సదుపాయం ‘స్టార్టర్స్’. మీరు గీసిన గీతల బొమ్మను వెనక భాగం పారదర్శకంగా ఉండే పీఎన్‌జీగా (ఒక రకం బొమ్మ ఫైలు) దాచి స్టార్టర్స్ ఫోల్డరులో వేస్తే, పిల్లలు వేసే రంగు ఆ గీతల కింద పడుతుంది. రబ్బరుతో ఎంత చెరిపినా మీ గీతలు చెరగవు. ఆంధ్రప్రదేశ్ పటం గీతలు చెరిగిపోయాయని ఏడుపు ఉండదు.

ట్యాబ్‌లకు స్కెచ్‌బుక్. ఒకప్పుడు ఆటోడెస్క్ సంస్థది, 2021లో విడిపోయింది, కాబట్టి పాత పేరుతో వెతక్కండి. బొమ్మను దిగుమతి చేసుకునే లేయర్లు (ఒకదానిపై ఒకటి పరిచే పారదర్శక పొరలు), నిలువు అద్దం, అడ్డం అద్దం ఉంటాయి. 7వ తరగతికి అంతే కావాలి.

క్రీటా గొప్ప సాఫ్ట్‌వేర్, కానీ దాన్ని ప్యానెల్ వెనకున్న కంప్యూటర్‌కే ఉంచండి. 3 జీబీ ర్యామ్ ట్యాబ్‌లో అది నీరసపడుతుంది. ఏ యాప్ అయినా సరే, కాన్వాస్ కొలత మీ చేతిలో ఉంది. ఎ4 కాగితాన్ని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) తెరిస్తే 3508 × 2480 పిక్సెళ్లు. పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున ఒక్క లేయరే దాదాపు 35 ఎంబీ. పది లేయర్లు పెడితే 350 ఎంబీ, యాప్ మధ్యలో మూసుకుపోతుంది, బొమ్మ పోతుంది. 1754 × 1240 పెట్టండి. లేయరుకు 9 ఎంబీ కూడా పట్టదు, గోడకు అంటించే ఎ4 ప్రింటుకు 150 డీపీఐ చక్కగా సరిపోతుంది.

తెలుగు అక్షరాల సంగతి ఒకటి. కొన్ని డ్రాయింగ్ యాప్‌లలో తెలుగు టైపు చేస్తే ఒత్తులు విడిపోతాయి, ‘క్ష’ మూడు ముక్కలవుతుంది. భాగాల పేర్లు చేత్తోనే రాయించండి, నేర్చుకోవడానికీ అదే మంచిది. ప్రింటు తప్పనిసరైతే లిబ్రే ఆఫీస్‌లో నోటో సాన్స్ తెలుగు, మండలి వంటి ఉచిత ఫాంటుతో రాసి, బొమ్మగా మార్చి లేయరులో అతికించండి.

లెక్కలు: ముగ్గుతో సౌష్ఠవం

మీరు లెక్కల టీచరు కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. డిజిటల్ డ్రాయింగ్‌కి సంక్రాంతి ముగ్గును మించిన పాఠం లేదు.

‘7 చుక్కలు, సందు చుక్క, 4 వచ్చేదాకా’ అంటే మధ్య వరుసలో 7, పైకి 6, 5, 4, కిందికీ 6, 5, 4. మొత్తం 37 చుక్కలు. ఈ లెక్క పిల్లల చేతనే వేయించండి: 7 + 2 × (6 + 5 + 4). చుట్టుగీత ఒక షట్కోణం. 60 డిగ్రీలు తిప్పితే చుక్కలన్నీ మళ్లీ చుక్కల మీదే పడాలి.

ఇక్కడే అందరూ జారే మెట్టు ఉంది. చుక్కల పటం తయారుచేసేటప్పుడు వరుసల మధ్య దూరం, చుక్కల మధ్య దూరం ఒకటే పెట్టేస్తారు. వాకిట్లో కంటి అంచనాతో వేసే ముగ్గుకు ఆ తేడా తెలియదు. కంప్యూటర్‌లో 60 డిగ్రీలు తిప్పగానే చుక్కలు తప్పిపోతాయి. మూడు పక్క చుక్కలు సమబాహు త్రిభుజం కావాలంటే వరుసల దూరం చుక్కల దూరానికి 0.866 రెట్లు ఉండాలి. చుక్కకూ చుక్కకూ 100 పిక్సెళ్లు పెడితే వరుసకూ వరుసకూ 87. పై తరగతులకైతే ఈ 0.866 ఎక్కడిదో పైథాగరస్‌తో తేల్చమనండి. 7వ తరగతికి జియోజెబ్రాలో ఐసోమెట్రిక్ గ్రిడ్ ఎంచుకుని, గీతలు కలిసే చోట 37 బిందువులు పెట్టి, పీఎన్‌జీగా దించుకోండి. చుక్కల పటం తయారు. ఒక్కసారి చేస్తే ఏళ్ల తరబడి వాడుకోవచ్చు.

పీరియడ్ ఇలా నడపండి. మొదటి 7 నిమిషాలు ట్యాబ్ కనపడకూడదు. ప్రతి జట్టూ చుక్కల కాగితం మీద, మొత్తం ముగ్గులో ఆరో వంతు మాత్రమే పెన్సిల్‌తో వేయాలి. తరువాత 8 నిమిషాలు ప్యానెల్ మీద మీరు: క్రీటాలో మల్టీబ్రష్ పనిముట్టు తీసుకోండి (కీబోర్డులో క్యూ అక్షరం), సౌష్ఠవ రకం ఎంచుకుని బ్రష్‌ల సంఖ్య 6 పెట్టి, కేంద్రాన్ని నడిమి చుక్క మీద సరిగ్గా కూర్చోబెట్టండి. కేంద్రం రెండు మూడు పిక్సెళ్లు పక్కకి జరిగినా గీతల కొసలు కలవవు. ఒక పిల్లను పిలిచి తన జట్టు వేసిన ఆరో వంతును గీయించండి. ఆరు వైపులా ఒకేసారి ముగ్గు విచ్చుకుంటుంది. ఆ క్షణం తరగతి మొత్తం మీ చేతిలో ఉంటుంది, వెంటనే ప్రశ్న వేయండి: ఒక చుట్టు తిప్పితే ఇది ఎన్ని సార్లు తనమీద తాను పడుతుంది? అద్దం గీతలు ఎన్ని? చాలామంది రెండింటికీ ఆరు అంటారు. మల్టీబ్రష్‌లో ఈ సౌష్ఠవ రకం తిప్పుతుందే గానీ అద్దం పెట్టదు. గాలిమరలా వంగిన రేకు గీస్తే భ్రమణ క్రమం (తనమీద తాను పడే సార్లు) 6, అద్దం గీతలు సున్నా. ఈ తేడా పుస్తకంలో చదివినప్పటికంటే ఇక్కడ బాగా పడుతుంది.

తరువాతి 20 నిమిషాలు ట్యాబ్‌లు. స్కెచ్‌బుక్‌లో సరిచుక్కల పటం (5 వరుసలు, వరుసకు 5 చుక్కలు, మొత్తం 25) కింది లేయరుగా పెట్టి తాళం వేయించండి. పై లేయరులో నిలువు అద్దం, అడ్డం అద్దం రెండూ ఆన్ చేసి ముగ్గు వేయాలి. అయ్యాక బొమ్మను 90 డిగ్రీలు తిప్పమనండి. అప్పుడు జట్లు రెండుగా చీలతాయి, కొందరిది కలుస్తుంది, కొందరిది కలవదు. రెండు అద్దాలు పెట్టినంత మాత్రాన 180 డిగ్రీల సౌష్ఠవమే ఖాయం. 90కి కూడా కలవాలంటే మూల నుంచి మూలకు పోయే గీత మీదా అద్దం ఉండాలి. పిల్లలు దీన్ని తామే పట్టుకునేదాకా జవాబు చెప్పకండి. తరువాతి 5 నిమిషాల్లో రెండు జట్ల ముగ్గులను ప్యానెల్ మీద పక్కపక్కన పెట్టి మాట్లాడించండి. మిగిలిన 5 నిమిషాల పని చివర చెబుతాను. రంగు పూయడం ఇంటిపని.

మెలికల ముగ్గు జోలికి మొదటి నెలలో పోకండి. అది చుక్కల చుట్టూ తిరిగే గీత. ఆరు బ్రష్‌లతో గీస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కి చిక్కుపడుతుంది, ఎక్కడ మొదలైందో దొరకదు.

ఏటికొప్పాక బొమ్మ, సగం గీత

ఇంకో చక్కని పని. ఏటికొప్పాక లక్కబొమ్మలు అంకుడు కర్రను లేత్ (కర్రను గిర్రున తిప్పే యంత్రం) మీద తిప్పి చేసేవి (2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఊరు ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది). తిప్పి చేసిన వస్తువు కాబట్టి దాని అంచు గీత సగం తెలిస్తే మొత్తం తెలిసినట్టే. ట్యాబ్‌లో నిలువు అద్దం పెట్టి, ఒక వైపు అంచు మాత్రమే గీయమనండి. బొంగరం వస్తుంది, కుంకుమ భరిణె వస్తుంది.

తరువాత షరతు పెట్టండి: లేత్ మీద వచ్చే రంగులే వేయాలి. కర్ర తిరుగుతుంటే లక్క ఆనిస్తే పడేది పట్టీ ఒక్కటే, చుట్టూ తిరిగే వలయం. కాబట్టి అడ్డ చారలే వేయొచ్చు. కళ్లు, పువ్వులు గీస్తే అవి తరువాత కుంచెతో వేసినవి, కెటిల్‌కి పిడి గీస్తే అది విడిగా చేసి అతికించింది. ఏది లేత్ మీద పుట్టింది, ఏది తరువాత వచ్చింది అని రెండు లేయర్లుగా వేరుచేయించండి. పై తరగతుల్లో స్థూపం, శంకువు, గోళం చెప్పేటప్పుడు ఇదే బొమ్మను బయటికి తీసి, ముక్కలుగా కోసి ఘనపరిమాణం కట్టించవచ్చు. ఇంట్లో అసలు బొమ్మ ఉన్న పిల్లలను తెమ్మని చెప్పండి, చేత్తో పట్టుకుని చూసి గీసిన అంచు వేరుగా ఉంటుంది.

సైన్సు: తప్పుల బొమ్మ

సైన్సు టీచరుకి చెప్పండి: బొమ్మ గీయించవద్దు, దిద్దించండి. విద్యుత్ వలయం ఒకటి మూడు తప్పులతో గీసి ప్రతి ట్యాబ్‌లో పెట్టండి. అమ్మీటరు సమాంతరంగా, వోల్ట్‌మీటరు శ్రేణిలో, ఘటం గుర్తులో పొడుగు గీత దగ్గర ఋణం గుర్తు. కొత్త లేయరులో ఎర్రరంగుతో దిద్దాలి, పక్కన కారణం ఒక్క వాక్యం రాయాలి. 15 నిమిషాల్లో అయిపోతుంది. ఎవరికి ఏది అర్థం కాలేదో ఎర్ర గీతలే చెబుతాయి.

గుండె బొమ్మకు లేయర్లు అతికినట్టు సరిపోతాయి. గోడలు ఒక లేయరు, ఆమ్లజని తగ్గిన రక్తం దారి నీలం లేయరు, నిండిన రక్తం దారి ఎరుపు లేయరు, పేర్లు నాలుగోది. ఒక్కొక్కటి ఆపి, వెలిగించి అడగవచ్చు. ఎక్కువ మంది చేసే తప్పు కుడి ఎడమలు. బొమ్మలో మన కుడివైపు కనిపించేది గుండెకు ఎడమ భాగం. ముందే ఒక మూల ‘రోగి కుడి’ అని రాసి పెట్టండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టలేని పిల్లలు తరగతిలో ఉండొచ్చు. ఆ జంట రంగులు ఎప్పుడూ వాడకండి, నీలం–నారింజ వాడండి, లేదా ఒక దారిని చుక్కల గీతగా పెట్టండి.

విత్తనం మొలకెత్తడం 8 ఫ్రేముల్లో యానిమేషన్ చేయించవచ్చు. కానీ మొదటి ఫ్రేములో నేల గీత గీసి అన్నింటికీ కాపీ చేయకపోతే నేల ఊగిపోతుంది.

సోషల్: మన తీరం

పిల్లల్ని విశాఖ పటం జ్ఞాపకం మీద గీయమంటే చాలామంది కోస్తాను నిలువుగా గీసి సముద్రాన్ని నేరుగా కుడివైపు పెడతారు. నిజానికి తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలి ఉంటుంది, సముద్రం ఆగ్నేయాన ఉంటుంది. ముందు జ్ఞాపకం మీదే గీయనివ్వండి. తరువాత అసలు పటాన్ని 40 శాతం పారదర్శకతతో పై లేయరులో వేయండి. తాము గీసిన గీత ఎంత తిరిగిందో చూసుకుంటే దిక్కుల పాఠం సగం అయిపోయినట్టే.

తరువాత లేయర్లు: దక్షిణాన యారాడ కొండలు, వాటి కొసన డాల్ఫిన్స్ నోస్. ఉత్తరాన కైలాసగిరి వైపు కొండలు, లోపలికి సింహాచలం. నీళ్ల లేయరులో మేఘాద్రిగెడ్డ ఓడరేవు వైపు రావాలి. అప్పుడు అడగండి: 1933లో తెరిచిన లోపలి ఓడరేవు సరిగ్గా అక్కడే ఎందుకు? కొండల లేయరు ఆపి ఒకసారి, వెలిగించి ఒకసారి చూపిస్తే, నైరుతి ఋతుపవనాల అలలకు డాల్ఫిన్స్ నోస్ అడ్డుగోడ అని వాళ్లే అంటారు.

స్కేలుకు ఒక లెక్క. పటం వెడల్పు 1600 పిక్సెళ్లలో 40 కి.మీ. పట్టించారనుకోండి, అంటే కిలోమీటరుకు 40 పిక్సెళ్లు. ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి పొడవు 91.3 మీటర్లు, పటంలో 3.65 పిక్సెళ్లు. పిల్లలు గీసిన కురుసుర మాత్రం పటం మీద భీమిలి దాకా ఉంటుంది. కొలతకు గీసింది వేరు, గుర్తుగా పెట్టింది వేరు అని చెప్పడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు. పెద్ద బొమ్మను చెరపనివ్వకండి, ‘గుర్తులు’ అనే వేరే లేయరులోకి మార్పించి సూచిక రాయించండి.

42 మందిని నడపడం

10 ట్యాబ్‌లు ఉన్నా 8 జట్లే చేయండి. ఆరు జట్లలో ఐదుగురు, రెండింటిలో ఆరుగురు. మిగిలిన రెండు ట్యాబ్‌లు మీ బల్ల మీద ఉండాలి. ప్రతి పీరియడ్‌లో ఒకటి మొరాయిస్తుంది, ఛార్జి ఉండదు, లేదా అప్‌డేట్ మొదలవుతుంది. అప్పుడు ఆ జట్టు ఖాళీగా కూర్చోకూడదు.

జట్టులో పనులు: ఒకరు గీస్తారు, ఒకరు ఎక్కడ ఎలా గీయాలో చెబుతారు, ఒకరు పుస్తకంతో సరిచూస్తారు, ఒకరు సమయం చూసి దాచిపెడతారు, మిగిలినవాళ్లు కాగితం మీద తరువాతి భాగం సిద్ధం చేస్తారు. గీసేవారు చెప్పకూడదు, చెప్పేవారు ట్యాబ్ ముట్టకూడదు. ఈ ఒక్క నియమంతో ‘పైన కొంచెం’ పోయి ‘మూడో చుక్క నుంచి ఐదో చుక్కకి’ అనే మాట వస్తుంది. 5 నిమిషాలకోసారి మార్చండి. మార్చకపోతే బొమ్మలు బాగా వేసే పిల్లే పీరియడంతా వేస్తుంది, మిగతా నలుగురూ చూస్తారు.

నెట్ మీద ఆధారపడకండి. పటాలన్నీ ముందురోజే ట్యాబ్‌లలో వేసి, పీరియడ్‌లో ఏరోప్లేన్ మోడ్ పెట్టండి, నోటిఫికేషన్ల గోల కూడా ఉండదు. దాచే పేరు ఒకే తీరుగా ఉండాలి: 7బి-జట్టు3-ముగ్గు. ‘అన్‌టైటిల్డ్ 14’ అని ఉంటే రేపు ఎవరిదో తెలియదు. కరెంటు పోతే ప్యానెల్‌లోది పోతుంది, కాబట్టి ప్రతి పది నిమిషాలకూ సేవ్ చేసే బాధ్యత ముందు బెంచీలో ఒకరికి అప్పగించండి.

వెనక బెంచీ సంగతి మరవద్దు. 75 అంగుళాల ప్యానెల్ వెడల్పు సుమారు 166 సెం.మీ. 8 మీటర్ల దూరంలో కూర్చున్నవారికి అక్షరం 4 సెం.మీ. ఎత్తుండాలి. తెరను 1920 పిక్సెళ్ల వెడల్పుతో నడుపుతుంటే అది దాదాపు 46 పిక్సెళ్లు. మామూలు 20 పిక్సెళ్ల అక్షరం మూడో బెంచీ దాటదు. గీత మందం కనీసం 6 పిక్సెళ్లు పెట్టండి. తళతళలాడే తెలుపు బదులు లేత బూడిద రంగు వెనక వేస్తే కళ్లకు హాయి.

మార్కుల విషయానికి వస్తే, అందానికి ఇవ్వకండి. ముగ్గుకైతే కేంద్రం సరిగా ఉందా, భ్రమణ క్రమం చెప్పగలిగారా, 90 డిగ్రీలకు ఎందుకు కలవలేదో ఒక వాక్యంలో రాశారా, ఈ మూడే చూడండి. బొమ్మ వంకరగా ఉన్నా ఈ మూడూ ఉంటే పూర్తి మార్కులు.

చివరిగా, పదో తరగతి పబ్లిక్ పరీక్షలో బొమ్మ చేత్తోనే గీయాలి. అందుకని ట్యాబ్ పీరియడ్ ఏదైనా చివరి 5 నిమిషాలు నోటుపుస్తకానికి ఉంచండి. తెరలు ఆపించి, ఇప్పుడే చేసిన బొమ్మను చూడకుండా పెన్సిల్‌తో గీయించండి. ట్యాబ్‌లో అద్దం గీసిపెట్టిన సగాన్ని ఇప్పుడు వాళ్ల చెయ్యే గీయాలి, ఎవరు ఎక్కడ ఆగిపోతారో అక్కడ తెలుస్తుంది. ఆ పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లి చూడండి. మరుసటి పీరియడ్‌కి ఏ చుక్కల పటం పెట్టాలో అవే చెబుతాయి.